పాత కిరాయిదారు పేరుతో వచ్చే ఉత్తరాలు ఏం చేయాలి?

కూకట్‌పల్లిలో కొత్తగా అద్దెకు దిగామని, ముందున్నాయన పేరుతో బ్యాంకు కవర్లు, నోటీసులు ఆగకుండా వస్తున్నాయని, చింపేయొచ్చా అని అడిగారు. వాటివల్ల మీకేమైనా చిక్కొస్తుందా అని కూడా. మేం నల్లకుంటలో ఇప్పుడున్న ఇంటికి మారినప్పుడు అచ్చం ఇదే గోల. చింపకండి, విప్పకండి, అన్నిటికంటే ముఖ్యంగా దేనికీ సంతకం పెట్టకండి. చిక్కు మీకు రాదు గానీ కొన్నాళ్లు విసుగు మాత్రం తప్పదు.

ముందు పోస్ట్‌మ్యాన్‌ని పట్టుకోండి. మన హైదరాబాద్‌లో బై (/) పెట్టి రాసే ఇంటి నంబర్ల సంగతి తెలిసిందే కదా. ఒకే ఇంటి నంబరు మీద కింద రెండు పోర్షన్లు, పైన రెండు, మేడ మీద ఒక సింగిల్ రూమ్. కవర్ల మీద ఫ్లోర్ ఎవరూ రాయరు. అందుకని పోస్ట్‌మ్యాన్ నంబరు కన్నా పేరునే గుర్తుపెట్టుకుంటాడు. ఆ పేరుగలాయన ఖాళీ చేశాడని మాత్రం ఆయనకి ఎవరూ చెప్పరు. ఓనరు చెప్పడు, వెళ్లిపోయినవాళ్లు అసలే చెప్పరు. మా వీధి పోస్ట్‌మ్యాన్‌ని గేటు దగ్గర ఆపి విషయం చెబితే, "దానికేంది మేడం, ఇల్లు ఖాళీ చేసిండని రాసి వాపస్ పంపిస్త" అన్నాడు. ఆ మాటతో చాలావరకు తగ్గిపోయాయి. ఆయన సెలవు పెట్టి ఇంకొకరు వచ్చినప్పుడల్లా మళ్లీ మొదలయ్యేది, అది వేరే సంగతి. గేటు డబ్బా మీద మీ ఇంట్లోవాళ్ల పేర్లు రాసి అంటించండి, కొత్త మనిషికీ తెలుస్తుంది.

ఈలోగా డబ్బాలో పడిపోయిన వాటి సంగతి. కవరు అలాగే ఉంచి, పాత అడ్రసు మీద ఒక్క గీత కొట్టి, పక్కన "ఈ అడ్రసులో లేరు, పంపినవారికి వాపస్" అని రాసి పోస్ట్‌మ్యాన్‌కే ఇచ్చేయండి, లేదా ఎర్ర డబ్బాలో వేయండి. బ్యాంకు కవరు వెనక అడుగున చీమ తలకాయంత అక్షరాలతో "ఇఫ్ అన్‌డెలివర్డ్, ప్లీజ్ రిటర్న్ టు" అని ఒక అడ్రసు ఉంటుంది, దాన్ని మాత్రం కొట్టేయకండి. ప్రైవేటు కొరియర్ కవర్లు ఎర్ర డబ్బాలో వేసి లాభం లేదు, తెచ్చిన అబ్బాయికే గుమ్మంలో తిప్పి ఇచ్చేయాలి. పాతాయన ఫోన్ నంబరు ఓనరు దగ్గర ఉంటే ఆయన చేతే ఒక ఫోన్ చేయించండి. బ్యాంకులో అడ్రసు మార్చుకోవాల్సింది ఆ మనిషే, మీరెంత తిప్పి పంపినా అసలు మందు అదే.

సంతకం దగ్గర జాగ్రత్త. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. కాబట్టి స్పీడ్ పోస్టు అనగానే ఏదో ఏటీఎం కార్డేలే అనుకుని తీసుకోకండి, లాయరు నోటీసూ అలాగే వస్తుంది. చెక్ బౌన్స్ నోటీసు అయితే అందిన రోజు నుంచి 15 రోజుల్లో డబ్బు కట్టాలి. మీరు సంతకం పెట్టారంటే ఆయనకి చేరినట్టే రికార్డులో పడుతుంది. పాపం ఆయనకి తెలియదు, రేపు ఆ గొడవలో "తీసుకున్నదెవరు" అని మీ గుమ్మం దగ్గరికే వస్తారు. పాస్‌పోర్టుతో ఈ బాధ లేదు, దాన్ని గుర్తింపు కార్డు చూసి ఆ మనిషి చేతికే ఇస్తారు.

మా ఇంటికి పాతాయన అప్పు వసూలు చేయడానికి బ్యాంకు రికవరీవాళ్లు కూడా వచ్చారు. మధ్యాహ్నం పూట ఇద్దరు, చేతిలో ఒక ప్రింటౌటు, ఒకడి కళ్లు మాతో మాట్లాడుతూనే లోపల టీవీ మీద, ఫ్రిజ్ మీద. మా అత్తయ్య ఎంత చెప్పినా "మీరు ఆయన చుట్టాలే కదా" అంటాడు. రెంటల్ అగ్రిమెంట్ తెచ్చి, ఆధార్ నంబరుని వేలితో కప్పి, పేరూ తేదీ చూపించాను. ఫోటో తీసుకుంటానంటే ఒప్పుకోలేదు. గొణుక్కుంటూ వెళ్లిపోయారు. అప్పున్నవాళ్లకే ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయొద్దని ఆర్బీఐ 2022లో గట్టిగా చెప్పింది, అప్పే లేని మీకు భయమెందుకు? గొంతు పెంచితే 100కి ఫోన్ చేయండి. ఆ ఇంటి అడ్రసు వల్ల మీ సిబిల్ (అప్పులు సరిగ్గా కడతారా అని బ్యాంకులు చూసే స్కోరు) పాడవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. సిబిల్ స్కోరు మనిషిది, ఇంటిది కాదు.

పాతాయన పేరుతో క్యాష్ ఆన్ డెలివరీ పార్సిల్ వస్తే "ముందున్నవాళ్లే కదా, తర్వాత ఇస్తారులే" అని డబ్బు కట్టి తీసుకోవద్దు. పాంప్లెట్లు, షోరూం ఆఫర్ కాగితాలు లాంటివి పేరు లేకుండా వస్తే నిక్షేపంగా పారేయండి.

ఓటరు స్లిప్పులు కూడా పాతవాళ్లవే వస్తాయి. తెచ్చిన బీఎల్ఓకి (ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారికి) వాళ్లు ఇల్లు మారారని చెప్పండి. ఎలాగూ ఆ పనిలో ఉన్నారు కాబట్టి మీ ఓటు కూకట్‌పల్లికి మార్చుకోవడానికి ఫారం 8 పెట్టేయండి, ఆన్‌లైన్‌లోనే అవుతుంది.