పార్కిన్సన్స్ ఉన్న అమ్మకు నిద్రమాత్ర వేయవచ్చా?

మీ అమ్మగారికి పార్కిన్సన్స్ ఉందని, రాత్రిళ్లు నిద్రలో అరుస్తూ చేతులు విసురుతున్నారని, గురక ఎక్కువని, సాయంత్రం పూట ఊపిరాడట్లేదని అంటున్నారని రాశారు. నిద్రమాత్ర వేయవచ్చా అని అడిగారు. న్యూరాలజిస్టు చెప్పకుండా వేయకండి. మాది పర్లాకిమిడి. నాన్నకు ఇదే జబ్బు, రాత్రిళ్లు ఆయన పక్కన పడుకునేది నేనే. పైకి ఒకటే బాధలా ఉంటుంది గానీ కారణాలు వేరువేరు. ఒకదానికి వేసిన మందు ఇంకోదాన్ని ముదరబెట్టవచ్చు.

మామూలుగా కలలొచ్చే వేళ మెదడు ఒళ్లు కదలనివ్వదు. ఈ జబ్బున్న చాలామందిలో ఆ పట్టు సడలిపోతుంది. నాన్న కలలో ఎడ్లను అదిలిస్తూ దోమతెర చింపేసేవారు. చెయ్యి వణకడానికి చాలా ఏళ్ల ముందే ఇలా తన్నేవారని అమ్మ చెబితే, డాక్టరుగారు ఆశ్చర్యపోలేదు. చాలామందికి ఈ లక్షణమే ముందొస్తుందట. మంచం పక్కనున్న స్టూలు, చెంబు తీసేసి కింద బొంత పరిచాం. నాన్నకు మెలటోనిన్ రాశారు. మత్తిచ్చే క్లోనాజెపామ్ మాత్ర కూడా వాడతారు గానీ, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే దానివల్ల ఆ జబ్బు ఇంకా ముదరవచ్చు. పెద్దవాళ్లు రాత్రి లేచినప్పుడు తూలి పడిపోయే భయమూ ఉంది.

అందుకే ముందు గురక గమనించండి. గురక ఠక్కున ఆగిపోయి, కాసేపటికి ఉక్కిరిబిక్కిరై మళ్లీ మొదలవుతుంటే ఫోన్‌లో వీడియో తీయండి. నేను తీసింది చూశాకే నాన్నకు స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే పరీక్ష రాశారు.

సాయంత్రం ఆయాసం వేరే సంగతి కావచ్చు. నాన్నకూ అలాగే వచ్చేది. పార్కిన్సన్స్‌కు వాడే సిండోపా మాత్ర వేసిన టైమూ, ఆయాసం వచ్చిన టైమూ క్యాలెండర్ గళ్లలోనే రాసుకుంటూ వచ్చాం. దాదాపు ప్రతిసారీ తర్వాతి మాత్రకు కాస్త ముందే వచ్చేది. మందు పని తగ్గేసరికి ఛాతీ కండరాలు బిగుసుకుంటాయి, దానికి టెన్షన్ తోడవుతుంది. గుండె, ఊపిరితిత్తులు పరీక్ష చేయించి, అవి బాగానే ఉన్నాయని తేలాక డాక్టరుగారు మాత్రల వేళలు మార్చారు. ఇప్పుడు నాన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని మాట్లాడగలుగుతున్నారు, మాకు అదే చాలు.

తినేటప్పుడు తరచూ పొలమారుతుంటే అదీ చెప్పండి, మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. ఊపిరి పీల్చేటప్పుడు గొంతులో కీచుమని శబ్దం వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి.

మీరుండేది రాయగడ అన్నారు, విశాఖకు నేరుగా రైలుంది. వెళ్లేటప్పుడు వీడియో, టైములు రాసిన కాగితం, అమ్మగారు వేసుకునే మాత్రల అట్టలన్నీ పట్టుకెళ్లండి. పగలు కునుకుపాట్లు ఎక్కువైతే పార్కిన్సన్స్‌కే వాడే ప్రమిపెక్సోల్ లాంటి మందు వల్లేమో అడగండి. ఈలోగా సిండోపా మాత్రం మీ అంతట మీరు ఆపకండి.