సందేహాలు – సమాధానాలు: పాస్‌పోర్టులోని ‘లెట్’

సందేహం: మన పాస్‌పోర్టులో రాష్ట్రపతి పేరిట ఉన్న ఇంగ్లీషు అభ్యర్థనలో ‘వితవుట్ లెట్ ఆర్ హిండ్రెన్స్’ అని ఉంది. ‘లెట్’ అంటే అనుమతించడం కదా! అనుమతి లేకుండా వెళ్లనివ్వమనడం ఏమిటి? ఇది అచ్చుతప్పా? దీన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

సమాధానం: అచ్చుతప్పు కాదు. ఇక్కడి ‘లెట్’ మీకు తెలిసిన ‘లెట్’ కాదు. ప్రాచీన ఇంగ్లీషులో విడిచిపెట్టడానికి, అనుమతించడానికి ఒక క్రియ ఉండగా, అడ్డగించడానికి ‘లెట్టన్’ అనే వేరొక క్రియ ఉండేది. నేటి ‘లేట్’ అన్న మాటకు మూలమైన పదం నుంచి పుట్టింది కాబట్టి దానికి మొదటి అర్థం ఆలస్యం చేయడం. కాలక్రమంలో ఈ రెండు క్రియల ఉచ్చారణా ఒకటైపోయి, ఒకే మాటకు పరస్పర విరుద్ధమైన అర్థాలు మిగిలాయి. మన వీధుల్లో ఇంటి గేట్లకు వేలాడే ‘టు లెట్’ బోర్డులోనిది మొదటిది, పాస్‌పోర్టులోనిది రెండవది.

షేక్‌స్పియర్ కాలానికి ఈ రెండవ అర్థం ఇంకా సజీవంగానే ఉంది. తండ్రి ప్రేతం వెంట వెళ్లబోతున్న హామ్లెట్‌ను మిత్రులు పట్టుకొని ఆపినప్పుడు, తనను ‘లెట్’ చేసేవాణ్ణి ప్రేతంగా మార్చేస్తానని అతడు బెదిరిస్తాడు. అనుమతించేవాణ్ణి చంపుతాననడం అతడి ఉద్దేశం కాదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులోనూ అడ్డగించడమనే అర్థంలో ఈ మాట కనిపిస్తుంది. అదే బైబిలులో ‘ప్రివెంట్’ అంటే ముందుగా రావడం, ముందుగా మేలుకోవడం. తెల్లవారకముందే లేచి మొరపెట్టుకున్నానని ఒక కీర్తనలో భక్తుడు చెప్పే మాటను నేటి అర్థంతో చదివితే, అతడు తెల్లవారకుండా ఆపేశాడని అనుకోవలసివస్తుంది!

ఇటువంటి కలయిక మనకు కొత్త కాదు. 7 అనే అంకెను కన్నడులు ‘ఏళు’ అంటారు, సంవత్సరాన్ని తమిళులు ‘ఆండు’ అంటారు. తెలుగులో రెండూ ‘ఏడు’గా కలిసిపోయాయి. పూర్వులు సంవత్సరాన్ని ‘ఏఁడు’ అని అరసున్నతో రాసి తేడా చూపేవారు. రాతలో అరసున్న పోయినా, ‘నూరేండ్లు’ అన్నప్పుడు ఆ పాత అనునాసికం ఇప్పటికీ వినిపిస్తుంది. ఇంగ్లీషులో అడ్డగించే ‘లెట్’కు అటువంటి ఆనవాలేదీ మిగలలేదు, ప్రభుత్వ పత్రాల్లోని ఈ జంట పదబంధంలోనూ, టెన్నిస్ ఆటలో సర్వీసు బంతి నెట్‌ను తాకి అవతల సరైన గడిలో పడినప్పుడు పలికే ‘లెట్’లోనూ మాత్రం అది తలదాచుకుంది.

ఇక అనువాదం సంగతి. ‘లెట్’, ‘హిండ్రెన్స్’ ఇక్కడ ఇంచుమించు పర్యాయపదాలే కనుక రెండింటికీ వేర్వేరు మాటలు వెతకనక్కర లేదు. పాస్‌పోర్టులోని హిందీ పాఠం కూడా ‘బినా రోక్-టోక్’ అని సరిపెట్టింది. తెలుగులో ‘నిరాటంకంగా’ అంటే చాలు, జంటపదమే కావాలంటే ‘అడ్డూ ఆటంకమూ లేకుండా’ అనవచ్చు. నాలుక మీద ఆడుతోంది కదా అని ‘అడ్డూ అదుపూ లేకుండా’ అని మాత్రం రాయకండి. రాష్ట్రపతి పూచీ మీద ఒక ఆకతాయిని విదేశాలకు పంపినట్లవుతుంది.