రోజా క్లెబ్‌ని 19వ స్థానంలో ఎలా పడేశావు?

సత్యనారాయణపురం,
విజయవాడ.

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. గుంటూరులో కూర్చుని 25 జేమ్స్ బాండ్ సినిమాలూ వరసపెట్టి చూసి, విలన్ల రూపానికి ఇన్ని, ఆయుధానికి ఇన్ని, పథకం ఎంత పెద్దదో దానికి ఇన్ని అని పదికి మార్కులు వేశావు. శ్రద్ధగా వేశావు, కాదనను. కానీ రోజా క్లెబ్‌ని 19వ స్థానంలో పడేసి, ‘పొట్టి ముసలావిడ, పెద్దగా భయపెట్టదు’ అని ఒక్క ముక్క రాసి వదిలేశావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

1963 నాటి ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ మళ్లీ పెట్టుకుని చూడు. పథకం బెడిసికొట్టాక ఆ నేర ముఠా నాయకుడు బ్లోఫెల్డ్ ఇద్దర్ని పిలిపిస్తాడు. పథకం గీసిన క్రాన్‌స్టీన్, దాన్ని నడిపించిన క్లెబ్. తప్పెవరిదని పంచాయితీ. మాటలు వింటుంటే క్లెబ్ పని అయిపోయిందనే అనిపిస్తుంది. తీరా బ్లోఫెల్డ్ మనిషి బూటు కొసన ఉన్న విషపు కత్తి దిగేది క్రాన్‌స్టీన్ కాల్లో. అతను కూలిపోతుంటే ఆమె పక్కనే నిలబడి చూస్తుంది. ఆ తర్వాత వెనిస్ హోటల్ గదిలోకి పనిమనిషి వేషంలో తనే వస్తుంది. అంతదాకా ఒకళ్లని పురమాయించడమే తప్ప స్వయంగా రంగంలోకి దిగని మనిషి! తుపాకీ చేజారిపోయాక బూటు కత్తితో తన్నుతూనే ఉంటుంది. బాండ్ కుర్చీ అడ్డం పెట్టి గోడకి అదిమినా కాళ్లు ఆగవు. ఖాళీ చేతులతో తిరిగి వెళ్తే ఏమవుతుందో కళ్లారా చూసిన మనిషి తన్నే తన్నులవి. అందులో నీకు భయం కనపడలేదా?

విలన్ ఎంతమందిని భయపెట్టాడని అందరూ లెక్కపెడతారు. అతను ఎవరికి భయపడుతున్నాడో చూడాలి. ఎవరికీ జడవనివాడికి తొందర ఉండదు. తొందర లేనివాడు పొరపాటు చెయ్యడు, పొరపాటు జరగనిదే కథ కదలదు. మనవాళ్లకి తెలియని సంగతేం కాదు. 1951లో ‘పాతాళభైరవి’లో అంతటి నేపాళ మాంత్రికుడు కూడా తోటరాముడి వెంట పడాల్సి వచ్చింది. సాహసవంతుడైన కుర్రాడు దొరక్కపోతే అతని పని జరగదు మరి.

అందుకే నువ్వు బ్లోఫెల్డ్‌కి ఇచ్చిన మొదటి స్థానాన్ని నేను ఒప్పుకోను. 1963లో, 1965లో అతని ముఖమే చూపించలేదు. తెల్ల పిల్లి, దాన్ని నిమిరే చెయ్యి, అంతే. 1967లో డోనాల్డ్ ప్లెజెన్స్ కంటి మీద మచ్చతో వచ్చాడు. 1969లో టెలీ సవాలస్, 1971లో చార్లెస్ గ్రే. ఇన్ని ముఖాలు మారినా ఎవరికీ పట్టలేదంటే అక్కడున్నది కుర్చీయే, మనిషి కాదు. 2015లో బాండ్‌కి సోదరుడి వరస కలిపి, నీ కష్టాలన్నిటికీ కారణం నేనే అనిపించారు. చుట్టరికం అంటగడితే పాత్రకి ప్రాణం వస్తుందా?

2006 ‘కాసినో రాయల్’లో లె షిఫ్ర్‌ని ‘కేవలం డబ్బు మనిషి’ అని 14లో పెట్టావు. నా లెక్కలో మొదటి స్థానం అతనిదే. ఉగాండా సాయుధ ముఠా నాయకుడు దాచమని ఇచ్చిన సొమ్ముతో, ఒక విమాన కంపెనీ షేరు పడిపోతుందని పందెం కాశాడు. షేరు పడగొట్టడానికి ఆ కంపెనీ విమానాన్ని పేల్చబోతే బాండ్ చెడగొట్టాడు. పది కోట్ల డాలర్లకి పైగా పోయాయి. ఇక మాంటెనిగ్రోలో పేకాడి ఆ డబ్బు పూడ్చుకోవాలి. మధ్యలో హోటల్ గదికి ఆ నాయకుడే వచ్చి గొంతు పట్టుకుంటాడు. ప్రియురాలి చెయ్యి నరకబోతే ఇతను కిక్కురుమనడు. మళ్లీ వెళ్లి అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చున్న ఇంటి యజమానిలా పేకముక్కల ముందు కూర్చుంటాడు. ఆటలో గెలిచిన బాండ్‌ని కుర్చీకి కట్టేసి హింసించే చోట కూడా, ఆ డబ్బు తీసుకునే పాస్‌వర్డ్ దొరక్కపోతే చచ్చేది తనే అని అతనికి తెలుసు. చివరికి చంపేదీ బాండ్ కాదు, పైవాళ్ల మనిషి.

గోల్డ్‌ఫింగర్‌ని మంచి స్థానంలోనే పెట్టావు, కారణం మాత్రం తప్పు రాశావు. ఆ సినిమాని గాంధీనగర్ హాల్లో చూశాక, ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల కొట్లో నవల దొరికింది. నవలలో అతను అమెరికా ప్రభుత్వ ఖజానా ఫోర్ట్ నాక్స్‌లోని బంగారాన్ని ఎత్తుకుపోవాలనే చూస్తాడు. 1964 సినిమాలో ఆ పథకంలోని లొసుగుని బాండ్ చేతే చెప్పించారు. పదివేల అయిదువందల టన్నులు, అరవై మంది మోసినా పన్నెండు రోజులు పడుతుందని. అసలు ఎత్తుకుపోవడం అతని ఉద్దేశమే కాదు. అణుధార్మికతతో ఆ బంగారాన్ని 58 ఏళ్లపాటు ఎవరూ ముట్టకుండా చేస్తే, తన దగ్గరున్న బంగారం ధర పెరుగుతుంది. మూలకథలో కన్నం కనిపిస్తే దాన్నే కథగా మార్చుకున్నారు. ఇదీ నేర్చుకోవాల్సింది, ‘బంగారు పూత సీన్ అదుర్స్’ అని రాయడం కాదు.

నేనొక వారపత్రికకి సీరియల్ రాశాను. విలన్ గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ ఏజెంటు. కోల్డ్ స్టోరేజీలో ఉన్న రైతుల మిర్చి టిక్కీల (బస్తాల) మీద రెండుచోట్ల అప్పు తెచ్చినవాడు. రసీదుల కట్ట దిండు గలీబులో దాచుకుని, పెళ్లాం పక్క దులుపుతుంటే ఉలిక్కిపడి లేచే సీను ఒకటి రాశాను. ఎడిటరు ఆ సీను మొత్తం కొట్టేశాడు. ‘విలన్‌కి అప్పులేంటండీ, బుగ్గ మీద కత్తిగాటు పెట్టండి, ఆర్టిస్టుకి బొమ్మ వెయ్యడానికి వీలుగా ఉంటుంది’ అన్నాడు. నేను పెట్టలేదు. నాకు చెప్పకుండా ఆయనే పెట్టి అచ్చేశాడు. ఆ కోపం ఈ రోజుకీ చల్లారలేదు. ముఖం మీద మచ్చ ఉంటే దుర్మార్గుడని చూపించడం సోమరితనం, మచ్చలున్నవాళ్లకి అన్యాయం కూడా. 2018లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అలాంటి విలన్లున్న సినిమాలకి డబ్బివ్వబోమని ప్రకటించింది. అయినా 2021 బాండ్ సినిమాలో సఫిన్ ముఖం నిండా మచ్చలే. నీ పట్టికలో రూపానికి అతనికి తొమ్మిది మార్కులు!

‘స్కైఫాల్’ విలన్ సిల్వా తన దవడలోంచి పళ్లసెట్టు తీసినప్పుడు ‘ముఖంలో సగం అద్దెకి తెచ్చుకున్నట్టుంది’ అన్నావు. ఆ వాక్యం బాగుంది. అలా చూడగలిగినదానివి మార్కుల పట్టిక ఎందుకు పెట్టుకున్నావు?

పట్టిక తీసెయ్. క్లెబ్ మీద మళ్లీ రాయి, ఈసారి ఆ హోటల్ గది తలుపు తీసే ముందు ఆమె చేతులెలా ఉన్నాయో చూసి రాయి. వచ్చే నెలలోపు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు