అరలో 45 పుస్తకాలు, కార్డు మీద బాకీ

ప్రశ్న: 1940లు, 50ల నాటి క్రైమ్ నవలల రీప్రింట్లు కనిపిస్తే ఆగలేను. ఆ పాతకాలపు అట్టబొమ్మలే నన్ను పడేస్తాయి. ఏడాదిన్నరలో 64 కొన్నాను, చదివినవి 19. కొన్ని క్రెడిట్ కార్డు మీద తీసుకున్నాను, నెలకు 3 శాతం వడ్డీ పడుతోంది. ముందు ముందు వీటికి మంచి ధర వస్తుంది కదా, పెట్టుబడి అనుకోవచ్చా?

జవాబు: అనుకోకండి. అప్పటి పేపర్‌బ్యాక్‌కు ఇప్పుడు ధర పలికేది దొరకడం కష్టం కాబట్టే. అమెరికాలో పాకెట్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ 1939లో 25 సెంట్ల పుస్తకాలు మొదలుపెట్టింది. ఆ కాలపు చవక పేపర్‌బ్యాకులు చదివి పారేయడానికి వేసినవే. కాగితంలోని ఆమ్లం వల్ల పసుపెక్కి, ముట్టుకుంటే విరిగేలా తయారయ్యాయి. మిగిలినవాటిలో అట్ట నలగని కాపీ కోసమే కలెక్టర్లు పోటీపడతారు. మీరు కొన్నవి ఆ కొరత తీర్చడానికి వేసినవి. గిరాకీ పెరిగితే పబ్లిషర్ మళ్లీ అచ్చు వేస్తాడు, మీది సెకండ్‌హ్యాండ్ కాపీగానే మిగులుతుంది.

కార్డు వడ్డీ మాత్రం ఆగదు. నెలకు 3 శాతమంటే చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. బాకీ తీరేదాకా కొత్తవి వద్దు, ప్రీ ఆర్డర్లుంటే ఈరోజే రద్దు చేయండి.

సెట్టు పూర్తయితే ఆపేస్తాననుకుంటున్నారేమో. పాత క్రైమ్ నవలల్ని మళ్లీ వేసే బ్రిటిష్ లైబ్రరీ క్రైమ్ క్లాసిక్స్ అనే ఒక్క సిరీస్‌లోనే పుస్తకాలు ఎప్పుడో వంద దాటాయి. అన్నట్టు, ఈ నవలల్లో కొన్ని ఒక్కో దేశంలో ఒక్కో పేరుతో వచ్చాయి. నేనూ అలా ఒకే కథ రెండుసార్లు కొన్నాను, మూడో అధ్యాయంలో శవం దొరికాక గానీ తెలియలేదు! కొనేముందు కాపీరైట్ పేజీలో మొదటి పేరు చూడండి.

బాకీ తీరాక మానేయమని చెప్పను. సినిమాలకు, షికార్లకు తీసిపెట్టే డబ్బులోంచే వీటికీ ఇంతని కేటాయించండి. రెండు చదివితే ఒకటి కొనండి. మీరు చదివే వేగానికి మిగిలిన 45 పుస్తకాలు మూడున్నరేళ్లు సరిపోతాయి.

బొమ్మ చూసి కొని, వెనకట్ట చదివాక ఆసక్తి పోయినవి కొన్ని ఉండే ఉంటాయి. అవి కొత్తగా ఉండగానే అమ్మేయండి. పెట్టిన డబ్బంతా రాదు, వచ్చినంత కార్డుకు కట్టండి.