వాయిస్ ఓవర్ కోసం ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. బాబు పుట్టాక ఉద్యోగం మానేశాను. గొంతు బాగుందని అందరూ అంటుంటారు, ఇంటి నుంచే వాయిస్ ఓవర్ (ప్రకటనలు, వీడియోలకు గొంతు ఇవ్వడం) చేయాలనుంది. కోర్సుకు 60,000, మైకుకు, గది సౌండ్‌ప్రూఫింగ్‌కు 90,000 అవుతాయంటున్నారు. మావారి జీతం 62,000, ఇంటి ఖర్చు 48,000. ఉన్నది 2 లక్షల ఎఫ్‌డీ ఒక్కటే. తీసేయవచ్చా?

జవాబు: ఆ ఎఫ్‌డీ జోలికి వెళ్లకండమ్మా. మీ ఖర్చు లెక్కన అది నాలుగు నెలలకు కాస్త పైన వస్తుంది, అంతే. ఒక్క జీతం మీద నడిచే ఇంటికి ఆరు నెలల ఖర్చయినా చేతిలో ఉండాలి. పైగా లక్షన్నర పెట్టి దిగితే ఎప్పుడు తిరిగొస్తుందా అన్న టెన్షన్‌లో ఎంత తక్కువ రేటుకైనా సరే అనేస్తారు.

అలాగని పని ఆపుకోనక్కర్లేదు. మీకు నెలకు మిగిలే 14,000తోనే మొదలవుతుంది. మామూలు యూఎస్‌బీ మైకు, మాటల్లో గాలి చప్పుడు మైకులో పడకుండా ఆపే పాప్ ఫిల్టర్, చెవులు మూసే హెడ్‌ఫోన్స్ పది వేల చుట్టుపక్కల వచ్చేస్తాయి. ఎడిటింగ్‌కు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. గదికి రూపాయి పెట్టొద్దు. బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి దానికి ఎదురుగా నిలబడండి, వెనక మందపాటి రగ్గు వేలాడదీయండి. ఫ్యాన్ ఆపి, నోరు మెదపకుండా పది సెకన్లు రికార్డ్ చేసి వినండి. ఫ్రిజ్ హోరు, పక్కింటి కుక్కర్ విజిల్, అపార్ట్‌మెంట్ బోరు మోటారు, ఏది దూరుతోందో తెలిసిపోతుంది. మోటారు ఎప్పుడు వేస్తారో వాచ్‌మన్‌ని అడిగి ఆ టైమ్ వదిలేయండి. గొంతు ఎంత బాగున్నా వెనక హోరుంటే ఆ ఫైల్ ఎవరూ తీసుకోరు.

‘రిజిస్ట్రేషన్ ఫీజు కడితే పని ఇస్తాం’ అన్నవాళ్లకు పైసా ఇవ్వకండి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పని ఒప్పుకునే ముందే రేటు, ఎన్నిసార్లు ఉచితంగా సరిచేసి ఇస్తారు, ఆడియో ఎక్కడ, ఎన్నాళ్లు వాడతారు అన్నవి మెయిల్‌లో రాయించుకోండి. మీ గొంతును ఏఐకి నేర్పడానికి వాడతామంటే అది వేరే పని, రేటూ వేరే. ఇష్టం లేకపోతే వద్దని తేల్చి చెప్పండి. ఇది మాత్రం మొహమాటపడే విషయం కాదు.

చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, చేయించుకోండి. చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన డబ్బును ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి ఆపకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతోంది. ఒకే కంపెనీ నుంచి ఏడాదికి 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయవచ్చు. మీకు పన్ను పడకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

కోర్సు సంగతి ఆరు నెలలు పక్కన పెట్టండి. ఈలోగా వచ్చే సంపాదనను విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఫీజు అందులోంచి కట్టగలిగిన రోజున, అప్పటికీ అవసరమనిపిస్తే చేరండి.