వేదిక ఎక్కబోయే అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చీరాల

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరమూ క్షేమం. మీ పెద్దమ్మ మోకాళ్ళ నొప్పి తప్ప వేరే విశేషాలు లేవు.

నీవు స్నేహితులతో కలిసి ఒక బృందం కట్టావనీ, తెలుగులో ర్యాప్ రాసి నీవే పాడుతున్నావనీ, వచ్చే నెలలో హైదరాబాదులో టిక్కెట్టు పెట్టి మొదటి కార్యక్రమం చేయబోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో మళ్ళీ ఒకరు మైకు పట్టుకుంటున్నారని విన్నాక ఆ పూట నాకు పని మీద ధ్యాస నిలవలేదు. అయితే ఆమె చెప్పిన రెండో మాట నన్ను కలవరపెట్టింది. వేదిక మీదకు తేలియా రుమాలుతో, అదే నూనెలో నానబెట్టిన నూలుతో నేసే మన చీరాల చతురస్రపు గుడ్డతో, పొట్టి కోటు కుట్టించుకుంటావట, దానికి తగిన బూట్లూ నగలూ వాయిదాల మీద కొంటావట. పాట గురించి నీకు చెప్పగలిగినవాడిని కాను. బట్ట గురించి మాత్రం, నాటకాల వాళ్ళకూ హరిదాసులకూ ఆర్కెస్ట్రాల వాళ్ళకూ ఇన్నేళ్ళుగా కుట్టినవాడిని కనుక, అడగకపోయినా చెబుతాను.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. నూలుబట్ట ఏదైనా సరే నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టిన తరువాతే కత్తెర వేయించు. కొత్త బూట్లు సాధనలోనే తొడుక్కుని అరగదీయి. మైకు పట్టుకునే చేతికి గాజులు వద్దు. గిటారు వాయించే కుర్రాడి కోటుకు ముందువైపు లోహపు గుండీలు పెట్టించకండి, వాయిద్యం వెనుక భాగమంతా గీసుకుపోతుంది.

ఇక చిన్నది కాని సంగతి ఒకటి ఉంది. ఈ రోజుల్లో పెళ్ళి పందిళ్ళలోనూ పాటల వేదికల మీదా నేల నుంచి నిప్పురవ్వలు చిమ్మే యంత్రాలు పెడుతున్నారు. అవి చల్లని నిప్పులని నిర్వాహకులు చెబుతారు. నేను నమ్మను, నీవూ నమ్మవద్దు. పాలియెస్టరు అంటుకుంటే నూలులా బూడిదై రాలిపోదు, కరిగి ఒంటికి అతుక్కుంటుంది. అందువల్ల ఏ బట్ట కొన్నా అంచు నుంచి ఒక పోగు లాగి, పెద్దవాళ్ళ సమక్షంలో అగ్గిపుల్లతో కాల్చి చూడు. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగిలితే అది నూలు, ముడుచుకుని గట్టి పూసలా మిగిలితే అది వేదికకు పనికిరాదు. ‘పెద్దవాళ్ళ సమక్షంలో’ అన్నందుకు నవ్వుకోకు, నీకు ఎన్నేళ్ళొచ్చినా నా మాట తీరు మారదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పాటకూ బట్టకూ ఉన్న సంబంధం నేను కుట్టుపనిలో నేర్చుకున్నది. హరిదాసు కాళ్ళకు గజ్జెలు కడతాడు, చేతిలో చిరతలు పట్టుకుంటాడు. కథ చెబుతూ అడుగు వేయాలి, తాళం వేయాలి, గుండ్రంగా తిరగాలి, గంటల తరబడి నిలబడాలి. అందుకే పంచె బిగించి కడతాడు, ఉత్తరీయాన్ని నడుముకు చుట్టి ముడి వేస్తాడు. విజయనగరంలో హరికథలు చెప్పిన ఆదిభట్ల నారాయణదాసుగారు కాళ్ళతో ఒక తాళం, చేతులతో మరొక తాళం వేస్తూ పాడేవారని ప్రసిద్ధి. అటువంటి మనిషికి జారిపోయే బట్ట కట్టి చూడు, కథ పల్లవిలోనే ఆగిపోతుంది. గద్దర్ భుజాన ఉండిన గొంగడి సంగతీ అంతే. అది తెలంగాణ కురుమలు నల్లగొర్రెల ఉన్నితో నేసే గొంగడి. పశువుల కాపరి ఒంటి మీద ఉండేదే ఆయన ఒంటి మీదకు వచ్చింది, ఎందుకంటే ఆయన పాటలో ఉన్న మనిషి ఆ కాపరే. ఆయన తరువాత ఎందరో కుర్రాళ్ళు గొంగడీ గజ్జెలూ వేసుకుని వేదికలెక్కారు. వాళ్ళలో కొందరికి అవి అమరాయి, కొందరు అద్దెకు తెచ్చుకున్నట్లే కనిపించారు.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి పేరుతో ఒక నీలం రంగే నిలిచిపోయింది కదా. కంచిలో ముత్తు చెట్టియార్ ఆమె కోసం తయారు చేయించిన ఆ రంగు చీరలు ఎంత పేరు తెచ్చుకున్నాయంటే, నా దుకాణానికి రవికె గుడ్డ పట్టుకుని వచ్చే ఇల్లాళ్ళు ‘ఎమ్మెస్ బ్లూకు సరిపోతుందా’ అని అడిగేవారు. అలా అడిగినవారిలో సంగీతం రానివారే ఎక్కువ, అయినా ఆ పాట మీది ఇష్టాన్ని ఒంటి మీద కట్టుకుని తిరగాలనుకునేవారు. నాకు అందులో తప్పేమీ కనబడలేదు. అభిమానం మనిషిని అలాగే మలుస్తుంది. ముందు ఒక పాట నచ్చుతుంది, తరువాత ఆ పాడినవారి రంగు నచ్చుతుంది, ఆ తరువాత మన బీరువా మారుతుంది. వినేవారికి అది ముచ్చట. పాడేవారు కూడా ఆ వరుసలోనే నిలబడి ఇంకొకరి రంగు కట్టుకుంటే మాత్రం చిక్కులు మొదలవుతాయి. ఆ చిక్కు మన ఇంట్లోనే జరిగింది, మీ నాన్న నీకు చెప్పి ఉండడు కనుక నేను చెబుతున్నాను.

మీ నాన్నకు మీ తాతగారి గొంతు వచ్చింది. కుర్రవాడిగా ఉన్నప్పుడే పౌరాణిక నాటకాల పద్యాలు పాడేవాడు. చెయ్యి పైకెత్తి రాగం అందుకుంటే పందిట్లో చివరి చాప మీద కూర్చున్నవాడికి కూడా వినబడేది. 1980 దాటాక డిస్కో వచ్చింది. శ్రీరామనవమి పందిళ్ళలో నాటకాలు తగ్గి ఆర్కెస్ట్రాలు పెరిగాయి. మీ నాన్న ఒక ఆర్కెస్ట్రాలో చేరాడు, అందులో తప్పు లేదు, అక్కడ నాలుగు రూపాయలు వచ్చేవి. ఇంతలో అమెరికాలో మైకేల్ జాక్సన్ మెరుపుల చేతితొడుగుతో, తెల్లని మేజోళ్ళతో 1983లో టీవీలో చేసిన నృత్యం లోకమంతా పాకింది, మన వైపుకు కాస్త ఆలస్యంగా వీడియో క్యాసెట్లలో వచ్చి చేరింది. అది చూసినప్పటి నుంచి మీ నాన్నకు పద్యం అంటే సిగ్గు పట్టుకుంది. మెరుపుల కోటు, బిగుతు ప్యాంటు, వెడల్పాటి బెల్టు, తెల్లని బూట్లు కావాలన్నాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పట్నంలో కుట్టించుకున్నాడు. నా దగ్గర కుట్టించుకోలేదు, నాది పల్లెటూరి చెయ్యి అన్నాడు. ఆ మాట నేను మరిచిపోయానని వాడు అనుకుంటున్నాడు, అనుకోనీ.

ఆ కోటు వాడికి నప్పలేదని నేను అనను, వాడప్పుడు నిజంగా అందగాడు. కాని చంక కత్తిరింపు ఎంత పైకి ఉందంటే చెయ్యి భుజం దాటి లేచేది కాదు, బెల్టు ఎంత బిగుతంటే నిండుగా ఊపిరి తీసుకునే వీలుండేది కాదు. పద్యానికి కావలసినవి ఆ రెండే. దాంతో వాడు ఆ కోటుకు తగ్గ పాటలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు, పొట్టి పొట్టి మాటలతో, ఎవరిదో గొంతును అనుకరిస్తూ పాడే పాటలు. పూర్వం సాధన చేసే సాయంకాలాలు అద్దం ముందు గడిచేవి. ఒక వినాయకచవితి పందిట్లో వెనుక నుంచి పెద్దాయన ఒకరు లేచి, ‘ఒరే అబ్బాయీ, మీ నాన్న పాడే పద్యం ఒకటి అందుకోరా’ అని అడిగారు. వీడు కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. మొదటి పాదం బాగానే వచ్చింది. రెండో పాదంలో అలవాటుగా చెయ్యి ఎత్తబోయేసరికి చంక దగ్గర కుట్టు పటుక్కున తెగింది. ముందు వరుసలోని కుర్రాళ్ళు ఈలలు వేశారు, నవ్వారు. మీ నాన్న సగంలో ఆపి వేదిక దిగిపోయాడు. పద్యాన్ని చూసి నవ్వారని వాడు అనుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను, వాళ్ళు నవ్వింది చిరిగిన కోటును చూసి. ఎంత చెప్పినా వినలేదు. ఆ తరువాత వేదిక మీద వాడు మళ్ళీ పద్యం పాడలేదు.

కొన్నాళ్ళకు డిస్కో మోజు తగ్గింది. అనుకరణకు ఇంకా కుర్రవాడు ఒకడు దొరికితే ఆర్కెస్ట్రా యజమాని మీ నాన్నను మాన్పించాడు. అప్పు తీర్చడానికి మీ తాతగారి హార్మోనియం అమ్మవలసి వచ్చింది, ఆ కోటేమో రికార్డింగ్ డాన్సు వాళ్ళ దగ్గరకు అద్దెకు పోయింది. ఇందులో మీ నాన్నను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ వయసులో కొత్త పాట వినగానే ఒళ్ళు పులకరించని వాడు పాడనేలేడు. కొత్తది నచ్చినందుకు పాతదాని పట్ల సిగ్గుపడాలని వాడికి ఎవరు నేర్పారో నాకు ఇప్పటికీ తెలియదు. నీకు మాత్రం ఎవరూ నేర్పకుండా ఉండాలని నా తాపత్రయం.

ఎవరో ఎంచిన బట్ట వేసుకుని గెలిచినవాళ్ళు లేరా అని నీవు అడగవచ్చు, ఉన్నారు. ఇంగ్లండులో బీటిల్స్ అనే పాటల బృందం కుర్రాళ్ళు మొదట తోలు కోట్లతో పాడేవారు. బ్రయాన్ ఎప్‌స్టీన్ అనే ఆయన వారి వ్యవహారాలు చూడడం మొదలుపెట్టాక 1962లో సూట్లలోకి మారారు, వాటితోనే లోకాన్ని ఊపారు. అయితే నాలుగైదేళ్ళకే వాటిని వదిలేసి ఎవరి రంగులు వారు వెతుక్కున్నారు. నీవు పోయిన సంక్రాంతికి చెప్పిన రన్-డి.ఎం.సి. అనే అమెరికా ర్యాప్ బృందం కథ నాకు ఇంతకంటే నచ్చింది. వాళ్ళు తమ వాడలో కుర్రాళ్ళు తొడిగే అడిడాస్ బూట్లను తాళ్ళు లేకుండా తొడిగి 1986లో వాటి మీద పాట కట్టారు, ఆ తరువాతే ఆ సంస్థ వచ్చి ఒప్పందం చేసుకుంది. ఆ వరుస గుర్తుపెట్టుకో. రేపు నీకు పేరు వస్తే ఎవరో ఉచితంగా బట్టలు పంపుతారు. వేసుకో, కాదనను, కాని వాటిలో నిండుగా ఊపిరి తీసుకోగలిగితేనే వేదిక ఎక్కు. వాయిదాల మీద మాత్రం ఒక్క వస్తువు కొనవద్దు. బూట్లకు అంత సొమ్ము కావాలంటే నేను పంపుతాను, తిరిగి ఇవ్వవద్దు, మీ పెద్దమ్మకు చెప్పవద్దు.

తేలియా రుమాలును నీవు ఎంచుకున్నావని వినగానే నాకు కళ్ళు చెమర్చాయి. ఆముదపు కాయల బూడిద కలిపిన నూనెలో రోజుల తరబడి నూలును నానబెట్టి, ఆరబెట్టి, చిటికి కట్టి, అంటే బొమ్మకు తగ్గట్టు పోగులను అక్కడక్కడ బిగించి కట్టి, రంగులద్ది నేస్తారు. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప పాతకాలపు రుమాలులో వేరే రంగు ఉండదు. ఒకప్పుడు ఇవి మన చీరాల నుంచి అరబ్బుల దేశాలకు తలపాగాలుగా వెళ్ళేవి, ఇక్కడ జాలరులూ పశువుల కాపరులూ కట్టేవారు. ఇప్పుడు ఎక్కువగా నల్లగొండ వైపు పుట్టపాకలో నేస్తున్నారు. కొనేటప్పుడు తిరగేసి చూడు. చిటికి పనిలో రంగు వెనుకా ముందూ ఒకేలా ఉంటుంది, పువ్వు అంచులు కాస్త చెదిరినట్లు ఉంటాయి. వెనుక వెలవెలబోతే అది అచ్చు వేసిన గుడ్డ.

ఒక్క సంగతి వేడుకుంటున్నాను, రుమాలును కోయవద్దు. చతురస్రం మధ్యలో పువ్వులూ చుట్టూ అంచూ కలిసి ఒకే బొమ్మగా నేసిన బట్ట అది, కోటుకు కత్తెర వేస్తే అంచు చంకలోకీ పువ్వు వీపు మీదకూ పోతాయి. నల్లని నూలుతో వదులైన పొట్టి కోటు కుట్టి, రుమాలును భుజం నుంచి ఎదుటికి వేసి ఎడమ నడుము దగ్గర రెండు దాపుడు గుండీలతో బిగిస్తాను. నీవు గెంతినా జారదు, కార్యక్రమం అయ్యాక విప్పి మడిచి దాచుకోవచ్చు. నూనె వాసన కొంత వస్తుంది, సాధనలో రోజూ వేసుకుంటే నీకు అలవాటవుతుంది. నీ పాటలో రేవు ఉందనీ, వలలు లాగేవాళ్ళ హైలెస్సా ఉందనీ మీ అమ్మ చెప్పింది, ఆ వాసన అక్కడికి సరిపోతుంది.

ఈ ఉత్తరం అందగానే కొలతలు పంపు. ఛాతీ కొలత ఊపిరి నిండా పీల్చి ఒకటి, వదిలి ఒకటి తీయించు. చంక నుంచి నడుము దాకా కొలిచేటప్పుడు మైకు పట్టిన చెయ్యి తల మీదకు ఎత్తి ఉంచు. టేపును మీ నాన్న చేతికే ఇవ్వు, ఎందుకని అడిగితే నేను చెప్పానని చెప్పు.

ఇట్లు,
నీ పెదనాన్న