భవనం నిలిచే ఉంటే చుట్టూ తవ్వకాలు ఎందుకు?

అమెరికాలోని వర్జీనియాలో ఉన్న, ఆ దేశ మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ భవనం మాంటిచెల్లోను చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఇల్లు చక్కగా నిలిచి ఉంది, ఆయన రాసుకున్న లెక్కలూ గీసుకున్న పటాలూ ఉన్నాయి. అయినా 1979 నుంచి అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి.

కూరగాయల తోటలో ముందుగా చూసింది మట్టి రంగునే. పాతిన గుంజ కుళ్లిపోయాక ఎర్రమట్టిలో అంతమేర ముదురు మచ్చ మిగులుతుంది. తాపీతో పల్చగా గీకుతూ పోతే ఆ మచ్చలు వరుసగా కనిపిస్తాయి. కంచె ఎక్కడెక్కడ సాగిందో వాటిని బట్టే తెలిసింది.

తోట కన్నా నన్ను కదిలించేది మల్బరీ రో. జెఫర్సన్ బానిసలుగా ఉంచుకున్నవారిలో కొందరు నివసించిన, పనిచేసిన వీధి అది. తొలినాటి పెద్ద ఇళ్లలో నేల కింద అనేక చిన్న గోతులు బయటపడ్డాయి. బంధుత్వం లేనివారిని ఒకే కప్పు కింద ఉంచినప్పుడు ఎవరి వస్తువులు వారు వాటిలో దాచుకున్నారని పురావస్తు శాస్త్రవేత్తలు వివరిస్తారు. 1790ల నాటి గుడిసెలు 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు మాత్రమే, కానీ వాటిలో గోతులు బాగా తగ్గాయి. కుటుంబాలు విడివిడిగా ఉండడం మొదలైందని దాని అర్థం. ఎంత చిన్న గుడిసె అయినా సొంత తలుపు ఉండడం వారికి ఎంత ముఖ్యమో ఊహించండి!

పింగాణీ పెంకు, గుండీ, ఎముక ముక్క ఏ పొరలో దొరికాయో రాసుకుంటేనే ఇలాంటివి తేలతాయి. దయచేసి పాత కోటల్లో, గడీల్లో సరదాకు తవ్వకండి.